డప్పును తెర వెనక్కి నెట్టకండి!



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని మీరు అడిగినప్పుడు, నేను చదువు విలువ గురించో, సమయపాలన గురించో రాస్తాననుకొని ఉంటారు. అటువంటి వ్యాసాలు ఈ సంచికలో ఎట్లాగూ రెండు మూడు ఉంటాయి. వాటిని రాయడానికి నాకంటే అర్హులున్నారు. నేను పాటల గురించి రాస్తాను. నాకు బాగా ఇష్టమైన రెండు ఆల్బంలున్నాయి. ఒకటి మన తెలుగు సినిమా 'మా భూమి' పాటలు. రెండోది అమెరికాలోని దక్షిణాది కుర్రాళ్లు 1969లో చేసిన తమ మొట్టమొదటి రికార్డు. ఆ రెంటికీ, నంద్యాల ఆళ్లగడ్డల హాస్టల్ పిల్లలకూ ఏం సంబంధమని మీరు అడగవచ్చు. ఉంది కాబట్టే రాస్తున్నాను.

ముందు ఒక సంగతి చెప్పాలి. నేను హైస్కూల్లో ఉన్న రోజుల్లో ఒక హాస్టల్ వార్షికోత్సవం. షామియానా వేశారు, రంగు కాగితాలు కట్టారు, పెద్ద సౌండ్ బాక్సులు తెచ్చారు. కార్యక్రమాల కాగితం నిండా రికార్డు డాన్సులే. మేం ముగ్గురం మాత్రం ఊరి నుంచి ఒక డప్పు తెచ్చుకొని, రెండు వారాలు వంటగది వెనక ప్రాక్టీసు చేశాం. డప్పు కాచుకోవడానికి కామాటి మామ రోజూ రెండు కట్టెపుల్లలు పక్కన పెట్టేవాడు. తీరా ఆ సాయంత్రం, స్టేజీ పనులు చూసుకునే పెద్దాయన మా చేతిలో డప్పు చూసి, "సావుకాడ కొట్టేది స్టేజీ మీదికి ఎందుకురా? అతిథులొస్తాండారు, లోపల పెట్టండి" అన్నాడు. డప్పు ట్రంకు పెట్టెల గదిలోకి పోయింది.

ఆయన చెడ్డవాడు కాదు. నాకు జ్వరమొస్తే సైకిలు మీద ఆస్పత్రికి తీసుకుపోయినవాడు. మనలాంటి ఇంట్లో పుట్టి, మనలాగే హాస్టల్లో చదివి పైకి వచ్చినవాడు. అందుకే ఆ మాట నాకు ఇన్నేళ్లయినా మరుపు రాలేదు. ఇంకో విచిత్రం వినండి. ఆ రాత్రి అందరికంటే ఎక్కువ ఈలలు పడిన సినిమా పాటలో మోగింది డప్పు దరువే! సౌండ్ బాక్సులో మోగితే సినిమా పాట, మా చేతిలో మోగితే సావు మేళం.

ఇప్పుడు 'మా భూమి' సంగతికి వస్తాను.

హైదరాబాదులో బి. నర్సింగరావు, గద్దర్, ఉత్తరాంధ్ర నుంచి వంగపండు ప్రసాదరావు వంటివాళ్లు కలిసి నడిపిన జననాట్యమండలి 1972లో పుట్టింది. గద్దర్ అసలు పేరు గుమ్మడి విఠల్ రావు, ఊరు మెదక్ ప్రాంతంలోని తూప్రాన్. కూలి చేసుకొని బతికే ఇంటి బిడ్డ. స్వాతంత్య్రానికి ముందు తెల్లవాళ్ల మీద తిరగబడిన గదర్ పార్టీ పేరే ఆయన పేరయింది. వంగపండు విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డులో ఫిట్టరు. పంచె గోచీ పెట్టి, కాళ్లకు గజ్జెలు కట్టి, భుజాన గొంగడి వేసి, పక్కన డప్పు మోగుతుంటే వాళ్లు ఆడి పాడేవాళ్లు. మొదట్లో వాళ్ల పాటలకు రికార్డూ లేదు, ప్లేటూ లేదు. నోటినుంచి నోటికి, చిన్న చిన్న పాటల పుస్తకాల్లో తిరిగేవి. ఊళ్లలోకి కాసెట్లు తరువాత వచ్చాయి. కాబట్టి ఆ సభలకు వెళ్లని మామూలు జనం గద్దర్ గొంతు మొదట విన్నది, ఆయన్ని మొదట చూసినది 'మా భూమి' సినిమాలోనే. నా లెక్కలో తెలుగు జనం పాటకు మొదటి ఆల్బం అదే.

ఆ సినిమా 1980 మార్చిలో విడుదలైంది. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాతలు. దర్శకుడు గౌతమ్ ఘోష్ బెంగాలీ, ఆయనకు అదే మొదటి కథాచిత్రం. కథకు ఆధారం కిషన్ చందర్ ఉర్దూ నవల. సంగీతం వింజమూరి సీతాదేవి, కె. నాగభూషణం. ఈ సీతాదేవి, దేవులపల్లి కృష్ణశాస్త్రి మేనకోడలు! భావకవి ఇంటి ఆడపడుచు, కూలివాళ్ల పాటలకు సంగీతం కూర్చింది. పాటకు గడప అడ్డం కాదనడానికి ఇంతకంటే సాక్ష్యం కావాలా? పెద్ద హీరో లేడు, పెద్ద బడ్జెట్ లేదు. అయినా 2013లో ఒక జాతీయ టీవీ చానల్ భారతీయ సినిమాల్లో గొప్పవి వంద ఏరితే అందులో ఈ సినిమా ఉంది.

అందులో గద్దర్ తెర మీదికి వచ్చి పాడిన పాట మీలో చాలామంది విని ఉంటారు. బండి వెనక బండి కట్టుకొని వచ్చే నిజాము సర్కారును నిలదీసే పాట అది. గద్దర్ పాట అంటే ముందు దాన్నే చెబుతారు. కానీ రాసింది గద్దర్ కాదు. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో యాదగిరి అనే పోరాటకారుడు కట్టిన పాట అది. పాడినవాడి పేరు ఊరూరా తెలిసింది, కట్టినవాడి పేరు పుస్తకాలు చదివేవాళ్లకే తెలుసు. ఇందులో గద్దర్ తప్పేమీ లేదు. పేరు అడగని మనదే తప్పు.

అదే సినిమాలో ఇంకో పాట ఉంది, పసులు కాసే పిల్లవాడి మీద. రాసింది నల్గొండ ప్రాంతపు సుద్దాల హనుమంతు. ఆయన కొడుకే, 'ఠాగూర్' సినిమాలో పాటకు జాతీయ అవార్డు అందుకున్న సుద్దాల అశోక్ తేజ. బడికి పోవలసిన వయసులో దొరగారి పసుల వెంట చేలమ్మట తిరిగే పిల్లవాడిని పలకరిస్తూ సాగుతుంది ఆ పాట. వాడి చిరిగిన బట్టలు, కాళ్లకు లేని చెప్పులు, వాడు తినే తిండి అన్నీ అడుగుతుంది. నేను దాన్ని మొదటిసారి నంద్యాలలో కాలేజీ హాస్టల్లో, ఒక సీనియర్ అన్న టేప్ రికార్డర్లో విన్నాను. వింటూ దుప్పటి కప్పుకున్నాను. తమ్ముళ్లారా, ఆ పిల్లవాడు మా నాయనే. మా నాయనకు బడి లేదు, గొర్రెల మంద ఉంది. పాట తెలంగాణదే కావచ్చు, మాట యాస వేరే కావచ్చు. కుందూ గట్టున కూర్చొని విన్నా అది మన పాటే.

ఇక్కడ కొందరు వేరే భయం చెబుతారు. "ఆ పాటలు నక్సలైట్లవి, హాస్టల్లో ఎందుకు?" అని. ఆ పార్టీల రాజకీయాలన్నీ మనం నెత్తిన పెట్టుకోవాలని నేను చెప్పను. గద్దర్ కూడా కడదాకా ఒకేచోట నిలబడిపోలేదు. 1997 ఏప్రిల్లో ఆయన మీద కాల్పులు జరిగాయి, ఒక తూటా ఒంట్లోనే మిగిలిపోయింది. అన్నేళ్లూ ఎన్నికలు వద్దన్న ఆ మనిషే 2018లో మొదటిసారి వెళ్లి ఓటు వేశాడు. 2023 ఆగస్టు 6న చనిపోయాడు. మనిషి మారవచ్చు, పార్టీ మారవచ్చు. పసులు కాసే పిల్లవాడికి బడి కావాలన్న పాట మారదు. మనం కూర్చున్న ఈ హాస్టల్ ఆ పాట అడిగిన ప్రశ్నకు జవాబే కదా!

ఇక అమెరికా వాళ్ల సంగతి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్న మన పాత విద్యార్థి ఒకతను, "అన్నా, నీకు డప్పు ఇష్టం కదా, ఇది విను" అని పంపిస్తే విన్నాను. మొదట తల తిరిగింది. నాలుగోసారికి దరువు పట్టు దొరికింది.

ఆ బృందం పేరు ఆల్మన్ బ్రదర్స్ బ్యాండ్. 1969 మార్చిలో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో ఆరుగురు కలిశారు. డువేన్ ఆల్మన్, గ్రెగ్ ఆల్మన్ అన్నదమ్ములు. తరువాత జార్జియా రాష్ట్రంలోని మేకన్ అనే ఊరికి మారారు. జార్జియా అంటే పత్తిచేల దేశం. నల్లవాళ్లను బానిసలుగా కట్టేసి సేద్యం చేయించిన దేశం. బానిసత్వం 1865లో పోయింది గానీ, హోటల్లో తెల్లవాళ్ల పక్కన నల్లవాళ్లు కూర్చునే హక్కు 1964 చట్టం దాకా రాలేదు. మార్టిన్ లూథర్ కింగ్‌ను 1968 ఏప్రిల్లో కాల్చి చంపారు. సరిగ్గా ఆ మరుసటి సంవత్సరం, అదే దక్షిణాదిలో, అయిదుగురు తెల్లవాళ్లూ ఒక నల్లవాడూ కలిసి ఒకే వ్యానులో తిరుగుతూ ఒకే స్టేజీ ఎక్కారు. ఆ నల్లవాడి పేరు జైమో. డ్రమ్ము వాయించేవాడు. ఆ బృందంలో డ్రమ్మర్లు ఇద్దరు, ఒకరు నల్ల, ఒకరు తెల్ల. రెండు డప్పులు ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటున్నట్లు మోగిస్తారు.

వాళ్ల మొదటి రికార్డు 1969 నవంబరులో బృందం పేరుతోనే వచ్చింది. పాటలు ఏడే. పెద్దగా అమ్ముడుపోలేదు. చేతిలో డబ్బుల్లేక మేకన్‌లోని ఒక హోటల్లో ఒకటి రెండు ప్లేట్లు కొనుక్కొని అందరూ పంచుకొని తింటుంటే, ఆ హోటల్ నడిపే లూయిస్ హడ్సన్ అనే నల్ల తల్లి చూడలేక తలా ఒక ప్లేటు పెట్టి పంపిందట. నెలాఖరులో మన మెస్ కష్టాలు గుర్తొచ్చి నవ్వుకున్నాను. వాళ్లకు పేరొచ్చాక ఆమెను మరచిపోలేదు, 1972లో తమ వెంట ప్రదర్శనలకు కూడా తీసుకువెళ్లారు. డువేన్ మాత్రం 1971లోనే మోటారు సైకిలు ప్రమాదంలో పోయాడు. వయసు 24. ఆ తరువాత ఆ తరహా సంగీతానికి 'సదరన్ రాక్' అని పేరు పడింది, ఎన్నో బృందాలు ఆ బాటలో వచ్చాయి. 

నాకు నచ్చింది ఇంకొకటి. ఆ ఏడు పాటల్లో ఒకటి మడ్డీ వాటర్స్ అనే నల్ల గాయకుడిది. ఆయన మిసిసిపిలో తెల్లదొరల తోటలో పని చేస్తూ పాడుకున్నవాడు. తెల్ల కుర్రాళ్లు ఆ పాటను తీసుకొని, రికార్డు మీద ఆయన పేరే వేశారు. వాళ్లు మోగించిన సంగీతమంతా నల్ల కూలీల బ్లూస్ లోంచి వచ్చిందే.

అయితే అంతా మెచ్చుకోలేను. రికార్డులో చివరి పాట పేరుకు అర్థం 'కొరడా దెబ్బల స్తంభం'. నల్ల బానిసల్ని కట్టి కొరడాతో కొట్టిన స్తంభాలు ఆ నేల మీద నిజంగా ఉండేవి. కానీ పాటలో అది ప్రియురాలు మోసం చేసిన మగవాడి బాధకు పోలిక మాత్రమే! గొప్ప పాటే, వాయించిన తీరు అద్భుతమే. కానీ ఆ దెబ్బలు తిన్న మనుషులు అందులో లేరు. అదే స్టేజీ మీద డ్రమ్ము వెనక కూర్చున్న జైమో ఆ పేరు విన్నప్పుడు ఏమనుకునేవాడో అని నాకు అనిపిస్తుంది. ఇక్కడే మన పాట గొప్పది. పసులు కాసే పిల్లవాడి పాటలో పసులు కాసే పిల్లవాడే ఉంటాడు, పోలిక కోసం అరువు తెచ్చుకున్నది కాదు.

మళ్లీ మన డప్పు దగ్గరికి వస్తాను. అసలు చిక్కు ఆ పెద్దాయనతో కాదు, మా ఇంట్లోనే ఉంది. మా నాయన ఊరి డప్పు కొట్టేవాడు. మా వైపు పెద్దవాళ్లు తప్పెట అంటారు, పలక అని కూడా అంటారు. పీర్ల పండగకు గుండం చుట్టూ ఆయన కొడుతుంటే ఊరంతా కదిలేది. కానీ పండగలు రెండు రోజులు, సావులు ఏడాదంతా. నడిరాత్రి పిలుపొచ్చినా పోవాలి, ఒంట్లో బాగలేకపోయినా పోవాలి. కూలి అని ఇచ్చేది లేదు. కళ్లంలో ఇన్ని గింజలు మేర కొలిచేవాళ్లు, అంతే. ఆ వార్షికోత్సవం తరువాత నేను ఇంటికి పోయి జరిగింది చెప్పి ఏడిస్తే, నా వైపు మాట్లాడతాడనుకున్నాను. ఆయన నవ్వి, "పోనీలేరా అబ్బీ. ఈ పలక నాతో పోనీ. నీకు ఆ పలక ఉండాది గదా, దాన్ని పట్టుకో" అన్నాడు.

ఆ మాటకు చాలా ఏళ్లు నా దగ్గర జవాబు లేదు. నిజమే కదా. చాలా పల్లెల్లో మనవాళ్లు "ఇకమీద డప్పు కొట్టం" అని తిరగబడింది కూడా అందుకే. కొట్టక తప్పని డప్పు వెట్టి. దాన్ని కింద పడేయడం కూడా ఆత్మగౌరవమే. మరి నేను ఎందుకు ఎత్తమంటున్నాను?

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మంద కృష్ణ మాదిగ, ఆయన మిత్రులు మొదలుపెట్టిన ఉద్యమానికి దండోరా అని పేరు. దండోరా అంటే డప్పు కొట్టి చాటింపు వేయడమే. ఊరి పెద్దల మాట చాటడానికి మోగిన డప్పు, ఆ రోజు నుంచి మన మాట చాటడానికి మోగింది. వర్గీకరణ మీద మన హాస్టళ్లలోనే వేర్వేరు అభిప్రాయాలున్నాయి, ఆ తగవు ఇక్కడ తీర్చబోను. కానీ డప్పు చేతులు మారకుండానే అర్థం మారింది, అది ఎవరూ కాదనలేరు. జననాట్యమండలి స్టేజీ మీద చేసిందీ అదే. ఎవరో పిలిస్తే కొట్టేదానికీ, మనకు చెప్పాలనిపించి కొట్టేదానికీ తేడా ఉంది.

ఇంకో సంగతి చూడండి. మన రాష్ట్ర ప్రభుత్వమే డప్పు కళాకారులకు పింఛను ఇస్తోంది. 2024 జూలై నుంచి అది నెలకు 4,000 రూపాయలు. సర్కారు కాగితాల్లో మా నాయన 'కళాకారుడు'. ఒక హాస్టల్ స్టేజీకి మాత్రం కాలేకపోయాడు.

ఆళ్లగడ్డ రోడ్డు మీద పోతుంటే ఉలి చప్పుడు వింటారు కదా. అక్కడి రాతి శిల్పానికి జీఐ గుర్తింపు వచ్చింది. దూర ప్రాంతాల గుళ్లకు విగ్రహాలు ఇక్కడి నుంచి పోతాయి. ఆ శిల్పి కొడుకు ఇంజనీరింగ్ చదివినా, వాళ్ల నాయన ఉలిని దాచిపెట్టమని ఎవరూ చెప్పరు. అతిథులొస్తే ముందు ఆ విగ్రహాల దగ్గరికే తీసుకుపోతారు. డప్పు చేయడం తక్కువ పనేమీ కాదు. చెక్క వంచి వలయం చేయాలి, మేకతోలు నానబెట్టి బిగించాలి, ఎండకు ఎంత ఆరాలో, మంటకు ఎంత కాగాలో చేతికి తెలియాలి. కుడిచేతి లావు పుల్లకూ, ఎడమచేతి సన్నపుల్లకూ పొత్తు కుదరడానికి నెలలు పడుతుంది. నాకు ఇప్పటికీ పూర్తిగా కుదరలేదు.

రికార్డు డాన్సులు మానేయమని నేను చెప్పడం లేదు. నేనూ ఎగిరినవాణ్ణే, బెల్‌బాటం ప్యాంటు అరువు తెచ్చుకొని మరీ! పరీక్షల ముందు పిల్లలకు ఆ మాత్రం సరదా ఉండాలి. కానీ పద్నాలుగు డాన్సుల్లో ఒక్కటి తగ్గితే కొంప మునగదు. ఆ ఒక్క పది నిమిషాలు డప్పుకు ఇవ్వండి. ప్రార్థన అయ్యాక, అతిథులు కుర్చీల్లో ఉన్నప్పుడే ఇవ్వండి. భోజనాల వేళ జనం లేచిపోయాక కాదు. మీ ఊళ్లో పింఛను తీసుకునే డప్పు పెద్దాయన ఎవరైనా ఉంటే పిలిపించండి, మైకులో ఆయన పేరు చెప్పండి, ఆయనకూ శాలువా కప్పండి. పాట పాడితే కట్టినవాడి పేరు ముందు చెప్పండి. యాదగిరి అని చెప్పండి, సుద్దాల హనుమంతు అని చెప్పండి. మడ్డీ వాటర్స్ పేరు రికార్డు మీద వేయడానికి ఆ కుర్రాళ్లకు పట్టింది ఒక్క లైను.

డప్పు కాచుకునే మంట షామియానాకు దూరంగా, గాలికి ఎదురు లేని చోట పెట్టుకోండి. వార్డెన్ గారికి ముందే చెప్పండి. ఆయన కాదంటే ఈ పేజీ చూపించండి. ఇప్పుడున్న వార్డెన్లు మా కాలం వాళ్లకంటే చాలా నయమని విన్నాను, బహుశా అంత అవసరం రాదు.

మా నాయన ఇప్పుడు కొట్టడం లేదు, చేతులు వణుకుతాయి. కిందటి సంక్రాంతికి 'మా భూమి' పాటలు ఫోన్లో పెట్టి వినిపించాను. పసులు కాసే పిల్లవాడి పాట అయిపోయేదాకా మాట్లాడలేదు. అయిపోయాక, "ఎవురు రాసినార్రా ఇది?" అని అడిగాడు. చెప్పాను.

ఆయన డప్పు ఇంకా మా అటక మీదనే ఉంది. తోలు మార్పించాలి, అంతే. మీకు కావాలంటే వారం ముందు కబురు పెట్టండి. ఆళ్లగడ్డలో నంద్యాల బస్సెక్కి నేనే తెచ్చిస్తాను.

— ఒక పూర్వ విద్యార్థి